స్టీల్ తీసి నార పెడితే పేటెంట్ వస్తుందా? "ఇందులో ఏముంది" అనే మాటకి చట్టం చెప్పే జవాబు

కంకిపాడు నుంచి మాట్లాడుతున్నాను. ఎవరైనా కష్టపడి ఒక కొత్త వస్తువు చేసి చూపిస్తే మన దగ్గర వచ్చే మొదటి మాట ఏంటో మీకు తెలుసు. "ఓస్, ఇంతేనా? ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు." టీ కొట్టు దగ్గర అంటే నవ్వుకుని వదిలేస్తాం. కానీ ఇదే మాట పేటెంట్ ఆఫీసులో, కోర్టులో అన్నారనుకోండి, కోట్ల రూపాయల హక్కు నిలబడుతుంది, లేదా గాల్లో కలిసిపోతుంది. చట్టంలో దాని పేరు ఆబ్వియస్‌నెస్. మన భాషలో చెప్పాలంటే, "ఆ పని తెలిసినవాడికి ఎవడికైనా తట్టేదే కదా" అనే అభ్యంతరం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, కానూరు వైపు మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్న నలుగురు కుర్రాళ్ళు ఒక మెసేజ్ పెట్టారు. క్లుప్తంగా చెప్తాను. "అన్నా, మేం సైకిల్ ఫ్రేమ్ చేశాం. స్టీల్ ట్యూబుల బదులు అరటి నారని ఎపాక్సీ రెజిన్‌తో చుట్టి ట్యూబులు చేశాం. బరువు బాగా తగ్గింది. పేటెంట్ వేద్దామంటే ఒక సార్ 'ఇది ఆబ్వియస్ రా, రాదు' అన్నారు. ఇంకో సార్ 'వేసేయండి, పబ్లిష్ అయితే చాలు' అన్నారు. ఎవరి మాట వినాలి?"

మంచి ప్రశ్న. లంకల్లో గెల కొట్టాక అరటి బోదెలు గుట్టలుగా పారేస్తారు, మనందరం చూసిందే. దాని నారతో సైకిల్ చేశారంటే వినడానికే బాగుంది. కానీ బాగుండడం వేరు, పేటెంట్ రావడం వేరు. మధ్యలో ఏముందో చూద్దాం.

ముందు చట్టం. మన దేశంలో పేటెంట్ రావాలంటే వస్తువు కొత్తదై ఉండాలి, పరిశ్రమలో వాడుకోడానికి వీలవ్వాలి, మూడోది ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలి. 1970 పేటెంట్ల చట్టం, సెక్షన్ 2లో దీని నిర్వచనం ఉంది. అప్పటికి ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ఒక ముందడుగు ఉండాలి, లేదా ఆర్థికంగా ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దాంతోపాటు ఆ రంగంలో నైపుణ్యం ఉన్న మనిషికి అది ఆబ్వియస్ కాకూడదు. చాలామంది మొదటి దగ్గరే ఆగిపోతారు. "గూగుల్ చేశాం అన్నా, అరటి నార సైకిల్ ఎక్కడా లేదు" అంటారు. అది "కొత్తది" అనే పరీక్ష మాత్రమే. ఇన్వెంటివ్ స్టెప్ పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు 1851కి వెళ్దాం. అమెరికా సుప్రీం కోర్టు, హాచ్‌కిస్ వర్సెస్ గ్రీన్‌వుడ్ కేసు. వస్తువు ఏంటో తెలుసా అండీ? తలుపు గుబ్బ. పట్టుకుని తిప్పుతాం చూడండి, అదే. అప్పటిదాకా గుబ్బలు చెక్కతో, లోహంతో చేసేవారు. వీళ్ళు మట్టితో, పింగాణీతో చేశారు. లోపల కాడ బిగించే పద్ధతి పాతదే, గుబ్బ ఆకారం పాతదే, పింగాణీ కూడా పాతదే. మార్చింది పదార్థం ఒక్కటే. కోర్టు ఏమందంటే, ఇది నైపుణ్యం ఉన్న మెకానిక్ చేసే పని, ఆవిష్కర్త చేసే పని కాదు. పేటెంట్ పోయింది. అమెరికాలో ఆబ్వియస్‌నెస్ సిద్ధాంతం పుట్టిందే ఆ తలుపు గుబ్బ దగ్గర.

ఇప్పుడు కుర్రాళ్ళ సైకిల్ చూడండి. ఫ్రేమ్ ఆకారం పాతది. మనం తొక్కే సైకిల్ రూపానికి మూలం 1885లో ఇంగ్లండ్‌లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఇప్పుడు మనం చూసే రెండు త్రిభుజాల ఫ్రేమ్ స్థిరపడిపోయింది. మొక్కల నుంచి వచ్చిన పదార్థం సైకిల్‌కి వాడటం కూడా పాతదే. 1890ల్లోనే ఇంగ్లండ్‌లో వెదురు సైకిళ్ళు అమ్మారు. నారని రెజిన్‌లో కలిపి ఫ్రేమ్ చేయడమూ పాతదే. బెల్జియం రేసర్ యోహాన్ మ్యూసేవ్ పేరుతో వచ్చిన సైకిళ్ళలో అవిసె నారని కార్బన్‌తో కలిపి వాడారు. అరటి నార, ఎపాక్సీ కాంపోజిట్ల మీద మన దేశపు కాలేజీల నుంచే బోలెడు పేపర్లు ఉన్నాయి.

ఇవన్నీ ఒక బల్ల మీద పరవండి. వెదురు ఫ్రేమ్, అవిసె నార ఫ్రేమ్, అరటి నార ట్యూబు మీద పేపర్. పరీక్షించే అధికారి ఏమంటాడు? "అవిసె తీసి అరటి పెట్టావు. తలుపు గుబ్బ కథే కదా." మొదటి సార్ అన్న మాట అంతవరకు కరెక్టే.

కానీ ఆగండి. కాంపోజిట్ ఫ్రేమ్‌లో ఒక మెలిక ఉంది. దాన్ని పట్టుకుంటే ఈ గొడవలన్నీ అర్థమవుతాయి.

స్టీల్ ట్యూబుని ఏ దిక్కున లాగినా, వంచినా, మెలిపెట్టినా దాని గుణం దాదాపు ఒకటే. నారతో చేసిన ట్యూబు అలా కాదు. నార ఏ దిక్కున పోతుందో ఆ దిక్కున బలం. అడ్డంగా లాగితే రెజిన్ ఒక్కటే మోయాలి, అది బలహీనం. కొబ్బరి తాడుని నిలువుగా లాగితే తెగదు, అదే తాడు పురి విప్పి అడ్డంగా లాగితే పోగులుగా విడిపోతుంది. అలాంటిదే. అందుకే కార్బన్ ఫ్రేమ్ చేసేవాళ్ళు పొరలు పొరలుగా పేరుస్తారు. ఒక పొర ట్యూబు పొడుగునా, ఒక పొర 45 డిగ్రీల వాలులో, ఒకటి అడ్డంగా. పెడల్ తొక్కితే కింది ట్యూబు మెలి తిరుగుతుంది, అక్కడ 45 డిగ్రీల పొరలు ఎక్కువ కావాలి. సీటు కింద కొంచెం మెత్తదనం కావాలి, అక్కడ పేర్పు వేరు. ఏ కోణం, ఎన్ని పొరలు, ఏ మూల దగ్గర ఎలా మడవాలి, ఇదే అసలు ఇంజనీరింగ్.

బరువు లెక్క కూడా చెప్తాను. స్టీల్ నీటి కంటే దాదాపు 7.8 రెట్లు బరువు, కార్బన్ కాంపోజిట్ దాదాపు 1.6 రెట్లు. మొదట్లో ఏం చేశారంటే, స్టీల్ ట్యూబు తీసేసి అదే ఆకారంలో కార్బన్ ట్యూబు పెట్టి, లోహపు జాయింట్లకి అంటించారు. అది పదార్థం మార్చడమే. తర్వాత "ఈ పదార్థానికి గుండ్రటి ట్యూబే ఎందుకు ఉండాలి?" అని అడిగినవాళ్ళు వచ్చారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిల్ ఫొటో చూడండి. మైక్ బరోస్ డిజైన్. ట్యూబులే లేవు, మొత్తం ఒకే ముక్కగా అచ్చు పోసిన కార్బన్ ఒళ్ళు. ఇక తేలిక పోటీ ఎంత దూరం పోయిందంటే, రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘమే 2000 నుంచి రూలు పెట్టింది.

కాబట్టి ఈరోజు గుర్తుపెట్టుకోవాల్సిన ఒక్క ముక్క ఇది. పదార్థం మార్చాను అంటే ఆవిష్కరణ కాదు. ఆ పదార్థం కొత్త సమస్య తెచ్చిపెట్టి, దాన్ని ఎవరూ ఊహించని దారిలో పరిష్కరిస్తే అక్కడ ఆవిష్కరణ ఉండొచ్చు.

సరే, "ఎవరూ ఊహించని" అంటే ఎవరు? ఐన్‌స్టీనా? మా పక్కింటి బాబాయా? చట్టం దీనికోసం ఒక ఊహా మనిషిని తయారు చేసింది. ఆ రంగంలో నైపుణ్యం ఉన్న మామూలు మనిషి. నేనైతే ఇలా ఊహించుకుంటాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా లారీ బాడీలు కడుతున్న ఒక మేస్త్రి. చెయ్యి తిరిగినవాడు. దానికి తోడు ఆ తేదీకి ముందు ప్రపంచంలో ఏ భాషలో అచ్చయిన పేపరైనా, పేటెంటైనా చదివేశాడు. కానీ మెరుపులాంటి ఆలోచనలు మాత్రం రావు. అలాంటి మేస్త్రి చేతికి పాత కాగితాలిచ్చి, సమస్య చెప్పి, మీ పరిష్కారం మాత్రం చూపించకుండా కూర్చోబెట్టారనుకోండి. ఆయన నేరుగా మీ జవాబు దగ్గరికి వచ్చేస్తాడా? వస్తే ఆబ్వియస్. రాకపోతే కాదు.

ఇది నేను అల్లిన కథ కాదండీ. మన సుప్రీం కోర్టు 1978 డిసెంబర్ 13న ఇచ్చిన తీర్పులో ఇలాంటి పరీక్షే ఉంది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్. మీర్జాపూర్ గిన్నెల తయారీదారుల గొడవ. గిన్నెని లేత్ మిషన్ మీద నునుపు చేసేటప్పుడు అది జారి ఎగిరిపోకుండా బిగించి పట్టుకునే ఏర్పాటుకి ఒకరు పేటెంట్ తీసుకున్నారు. కోర్టు చూసి, ఇందులో ఉన్న భాగాలన్నీ పాతవే, ఇది వర్క్‌షాప్‌లో ఎవరైనా చేసుకునే మెరుగుదల అని పేటెంట్ కొట్టేసింది. ఇప్పటికీ మన దేశంలో ఆబ్వియస్‌నెస్ కేసు ఏది నడిచినా లాయర్లు ఆ గిన్నెల కేసు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. జవాబు తెలిశాక ప్రతీదీ తేలిగ్గానే కనిపిస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. మూడు రోజులు టీం మొత్తం జుట్టు పీక్కున్న బగ్‌కి చివరికి ఒక్క లైను మార్పు. కోడ్ రివ్యూలో ఆ లైను చూసిన ప్రతివాడూ "ఓ, ఇదేగా" అంటాడు. ఆ మూడు రోజులు ఆ లైనులో కనపడవు.

మన తెలుగు ఉదాహరణే చూడండి. చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని పనిచేయించారు. 2017లో పద్మశ్రీ, 2019లో సినిమా. ఇప్పుడు ఆ మిషన్ చూసి "చెయ్యి చేసే పని మోటారు చేస్తోంది, అంతే కదా" అనేయొచ్చు. అంత తేలికైతే తరతరాలుగా అన్ని భుజాలు ఎందుకు నొప్పెట్టాయి? చాలాకాలంగా అందరికీ తెలిసిన బాధ, ఎవరూ తీర్చలేకపోయారు, ఒకడు తీర్చాడు. ఇది ఆబ్వియస్ కాదనడానికి బలమైన సాక్ష్యం. కోర్టులు దీన్ని పరిగణిస్తాయి. అలాగే అప్పటి నిపుణులు "ఇది పనిచేయదు" అని చెప్పి ఉండడం, తర్వాత వాళ్ళే మెచ్చుకోవడం, పోటీదారులు కాపీ కొట్టడం, ఇవన్నీ సాక్ష్యాలే.

1966లో అమెరికా సుప్రీం కోర్టులో ఒకే రోజు రెండు తీర్పులు వచ్చాయి. నాగలి కేసులో పేటెంట్ పోయింది. ఆడమ్స్ అనే ఆయన బ్యాటరీ కేసులో పేటెంట్ నిలబడింది. ఎందుకంటే ఆయన వాడిన దారిలో వెళ్ళొద్దని పాత జ్ఞానమే చెప్పేది, నిపుణులు కూడా మొదట నమ్మలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు సైకిల్ ప్రపంచంలోనే జరిగిన పెద్ద గొడవ. ఇది ఫ్రేమ్ మీద కాదు, పెడల్ దగ్గరుండే పళ్ళ చక్రం మీద. కానీ పాఠం ఫ్రేమ్‌కి అచ్చంగా సరిపోతుంది.

మీ సైకిల్ చైన్‌ని దగ్గర నుంచి చూడండి. లింకు లింకుకీ సందు మారుతుంది. ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. చక్రం పళ్ళు మాత్రం అన్నీ ఒకే మందం, ఇరుకు సందులో పట్టేలా సన్నగా ఉంటాయి. దాంతో వెడల్పు సందులో పన్ను వదులుగా ఆడుతుంది. కొండ దారుల్లో సైకిల్ ఎగిరెగిరి పడితే చైన్ జారిపోతుంది. స్రామ్ అనే అమెరికా కంపెనీ 2012లో ఒక చక్రం తెచ్చింది. ఒక పన్ను సన్నం, ఒక పన్ను మందం. సన్నది ఇరుకు సందులోకి, మందంది వెడల్పు సందులోకి. చైన్ జారడం బాగా తగ్గిపోయింది, పరిశ్రమంతా మెచ్చుకుంది. పోటీగా ఫాక్స్ ఫ్యాక్టరీ కంపెనీ వైపు నుంచి రేస్ ఫేస్ బ్రాండు వాళ్ళూ అలాంటి చక్రాలు అమ్మారు. స్రామ్ కేసు వేసింది. ఫాక్స్ ఎదురు వెళ్ళింది, మీ పేటెంట్లే ఆబ్వియస్ అని.

ఫాక్స్ చేతిలో రెండు పాత కాగితాలు. ఒకటి షిమానో అనే జపాన్ పత్రం, అందులో సైకిల్ చక్రానికి సన్నం మందం పళ్ళు అప్పటికే ఉన్నాయి. రెండోది హట్టన్ అనే 1968 నాటి అమెరికా పేటెంట్, పన్ను చైన్ సందుని ఎంతమేర నింపాలో అందులో ఉంది. రెండూ కలిపితే మీ చక్రమే కదా అన్నారు.

స్రామ్‌కి ఒకే కుటుంబంలో రెండు పేటెంట్లు ఉన్నాయి. పేటెంట్ ఆఫీసు బోర్డు రెండిట్లోనూ స్రామ్ వైపే చెప్పింది. అప్పీలు కోర్టు మాత్రం రెండు రకాలుగా చెప్పింది.

2019 డిసెంబర్‌లో మొదటి పేటెంట్ మీద తీర్పు. స్రామ్ ఏమంది? "మా చక్రాన్ని అందరూ మెచ్చుకున్నారు, బాగా అమ్ముడుపోయింది, ఇదే సాక్ష్యం." కోర్టు అడిగింది, మెచ్చుకున్నది దేన్ని? మీ చక్రం బాగా పట్టడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, పన్ను సందుని 80 శాతానికి మించి నింపడం. ఆ మాట ఈ పేటెంట్ క్లెయిమ్‌లో లేదు కదా? క్లెయిమ్‌లో లేని గుణానికి వచ్చిన మెప్పుని క్లెయిమ్ ఖాతాలో అంత తేలిగ్గా వేయలేం. మళ్ళీ చూడండి అని బోర్డుకి వెనక్కి పంపింది.

2020 మేలో రెండో పేటెంట్ మీద తీర్పు. దీని క్లెయిమ్‌లో ఆ 80 శాతం మాట ఉంది, అది కూడా పంటి మధ్య ఎత్తు దగ్గర కొలవాలి అని స్పష్టంగా ఉంది. హట్టన్ చెప్పింది పంటి అడుగు దగ్గర కొలత. ఆ తేడా చిన్నదిగా కనిపించినా, చైన్ జారే పాత సమస్యని తీర్చింది అదే, మెప్పు వచ్చిందీ దానికే. ఈసారి పేటెంట్ నిలబడింది.

గమనించారా? చక్రం అదే. కనిపెట్టినవాళ్ళు వాళ్ళే. ఎదురుగా పెట్టిన పాత కాగితాలు కూడా అవే. తేడా అంతా క్లెయిమ్‌లో రాసిన ఒక కొలత. మీ వస్తువు ఎంత గొప్పదైనా కోర్టు చదివేది మీరు రాసిన వాక్యాన్నే.

ఇప్పుడు కుర్రాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళ మెసేజ్‌లో పై నాలుగు పేరాలూ బరువు గురించే. చివర్లో రెండే రెండు వాక్యాలు ట్యూబు, లగ్గు కలిసే జాయింటు గురించి, వానాకాలంలో దానికి ఏమైంది, తర్వాత వీళ్ళేం చేశారు అని. మొక్కల నార తేమ పీలుస్తుంది, ఉబ్బుతుంది, రెజిన్ నుంచి విడిపోతుంది. మన డెల్టా గాలిలో అది మరీ పెద్ద సమస్య. పుస్తకాల్లో మందు ఒకటే, నారని క్షారంలో నానబెట్టి కడిగి, తేమ లోపలికి రాకుండా చూడు అని. వీళ్ళు చేసింది దానికి ఎదురు దారి. ఇందాక బ్యాటరీ కేసు గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, అందుకే.

ఏం చేశారో నేను చెప్పను. సస్పెన్స్ కోసం కాదు. ఈ వీడియోలో నేను చెప్పిన నిమిషం నుంచి అది లోకానికి తెలిసిన విషయం అయిపోతుంది. రేపు వాళ్ళు దరఖాస్తు వేస్తే ఈ ఎపిసోడ్‌నే వాళ్ళకి ఎదురుగా పెట్టొచ్చు. ఆ మాట వాళ్ళకి రాసి పంపాను కూడా. మీరూ అంతే. కాలేజీ ఎక్స్‌పోలో పెట్టినా, రీల్ చేసినా, పేపర్‌కి ఇచ్చినా, దరఖాస్తుకి ముందైతే మీ గొయ్యి మీరే తవ్వుకున్నట్టు. మన చట్టం సెక్షన్ 31లో మినహాయింపులు ఉన్నాయి గానీ అవి చాలా ఇరుకు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన, లేదా విద్వత్ సంఘం ముందు చదివిన పేపర్ లాంటివి, అదీ పన్నెండు నెలల లోపు. మామూలు కాలేజీ ఎక్స్‌పో అందులోకి రాదు.

మరి ఏం చేయాలి? నా లెక్క ప్రకారం నాలుగు పనులు.

ఒకటి, వెతకండి. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ళ ఎస్పాస్‌నెట్, మన పేటెంట్ ఆఫీసు వాళ్ళ సెర్చ్, మూడూ ఉచితమే. మీ వస్తువు పేరుతో కాదు, మీ సమస్యతో వెతకండి. "నార సైకిల్" అని కాకుండా "నార ట్యూబు జాయింటులో తేమ" అని.

రెండు, కొలవండి. జాయింటు ఎంత బరువుకి విరిగింది, తేమలో ఎన్నాళ్ళు ఉంచాక విరిగింది, మామూలు పద్ధతిలో చేసినది ఎంతకి విరిగింది. "బాగుంది" అనే మాట కోర్టులో పనికిరాదు. 80 శాతం అనే అంకె ఏం చేసిందో చూశారు కదా.

మూడు, క్లెయిమ్‌ని అరటి నార దగ్గర కాదు, ఆ జాయింటు దగ్గర మొదలుపెట్టండి. ఎందుకు అందరూ వేరే దారిలో వెళ్ళారో, మీరు ఎందుకు మళ్ళారో వివరంగా రాయండి. ఇక్కడ మంచి పేటెంట్ ఏజెంట్ సాయం తీసుకోవడం దండగ ఖర్చు కాదు.

నాలుగు, ముందు ప్రొవిజనల్ వేయండి. మన రెండు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. వ్యక్తులకి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. పన్నెండు నెలల లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. పరీక్ష చేయమని విడిగా అడగాలి, దానికి గడువు 2024 రూల్స్ ప్రకారం 31 నెలలు. అడగకపోతే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే.

అన్నట్టు రెండో సార్ మాట, "పబ్లిష్ అయితే చాలు" అన్నది. దరఖాస్తు వేసిన 18 నెలలకి, వెనక్కి తీసుకున్నవి లాంటి కొన్ని తప్ప, అన్నీ జర్నల్‌లో వస్తాయి. అది పేటెంట్ రావడం కాదు. రెజ్యూమేలో ఒక లైనుకి పనికొస్తుందేమో గానీ, ఎవడైనా కాపీ కొడితే ఆ లైను చూపించి ఆపలేరు.

ఇప్పటిదాకా కనిపెట్టినవాళ్ళ వైపు నుంచి మాట్లాడాం. అవతలి ఒడ్డు కూడా చూడాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది ఉండేది ఆ ఒడ్డునే. ఆబ్వియస్ అనే అడ్డుగోడ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాద్ కేసు ఒకటి ఉంది.

స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అని పిల్లల కండరాలని తినేసే జబ్బు. దానికి రిస్డిప్లామ్ అనే మందు. రోష్ కంపెనీ పేటెంట్, 2035 దాకా. సీసా ధర దాదాపు ఆరు లక్షలు. హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మా దాన్ని చేస్తానంటే రోష్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. నాట్కో వాదన ఏంటి? రోష్ వాళ్ళ పాత పేటెంట్‌లోనే దీనికి అతి దగ్గరి అణువు ఉంది, ఒక చోట కార్బన్ తీసి నైట్రోజన్ పెట్టారు, రసాయన శాస్త్రం తెలిసినవాళ్ళకి అది తట్టేదే అని. చూశారా, మళ్ళీ తలుపు గుబ్బ. 2025 మార్చిలో సింగిల్ జడ్జి రోష్ అడిగిన మధ్యంతర ఆర్డర్ ఇవ్వలేదు. అక్టోబర్ 9న డివిజన్ బెంచ్ కూడా, ఈ పేటెంట్ ఆబ్వియస్ అనడానికి నమ్మదగ్గ సవాలు ఉందని అప్పీలు కొట్టేసింది. అక్టోబర్ 17న సుప్రీం కోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో మందు 15,900 రూపాయలకి వచ్చింది. ఇది మధ్యంతర దశలో చెప్పిన మాటే, పేటెంట్ మీద చివరి తీర్పు కాదు. కానీ ఆరు లక్షలకీ పదహారు వేలకీ మధ్య నిలబడింది ఒకే ఒక్క ప్రశ్న, "ఇది ఎవరికైనా తట్టేదేనా?"

రోష్ వైపు మాట కూడా న్యాయంగా చెప్పాలి. వేల అణువుల్లో ఏది పనిచేస్తుందో తేల్చడానికి ఏళ్ళూ డబ్బూ పోతాయి, అన్నీ అయ్యాక "ఒక్క అణువే కదా మార్చావు" అనడం తేలికే అని వాళ్ళ బాధ. ఇందాక కోడ్ రివ్యూ గురించి నేను చెప్పిందీ అదే కదా. అందుకే ఈ గీత ఎక్కడ గీయాలి అన్నది ఎప్పటికీ తగువే. గీత మరీ కింద గీస్తే ప్రతి నట్టుకీ బోల్టుకీ ఒక యజమాని పుట్టుకొస్తాడు, ఆటోనగర్‌లో మేస్త్రి చెయ్యి ఆడదు. మరీ పైన గీస్తే మల్లేశం గారిలాంటివాళ్ళ ఏళ్ళ కష్టం మర్నాడే కాపీ అయిపోతుంది.

కాబట్టి చిన్న వర్క్‌షాప్ నడిపేవాళ్ళకి చివరిగా ఒక మాట. "ఇది మా పేటెంట్, తయారీ ఆపు" అని ఎవరైనా నోటీసు పంపితే కంగారుపడి షట్టర్ దించేయొద్దు. ముందు అది మంజూరైన పేటెంటా, ఉత్త దరఖాస్తా చూడండి. ఫీజులు కట్టి అమల్లో ఉందా చూడండి. క్లెయిమ్ చదవండి, మీరు చేసేది అందులో ఉందా? ఆ తేదీకి ముందే మీ వీధిలో అది చేస్తున్నట్టు బిల్లులు, ఫొటోలు, క్యాటలాగులు ఉంటే తీసి దాచుకోండి. పేటెంట్ ఇంకా మంజూరు కాకపోతే సెక్షన్ 25 కింద ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. మంజూరయ్యాక ఏడాది లోపు సంబంధం ఉన్నవాళ్ళు పెట్టొచ్చు. ఆధారం లేకుండా బెదిరిస్తే సెక్షన్ 106 కింద మీరే కోర్టుకి వెళ్ళొచ్చు. లాయర్ని కలిసేముందు ఈ కాగితాలు చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

ఎవరైనా కొత్త వస్తువు చూపిస్తే "ఇందులో ఏముంది" అనే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఇది ముందే ఎవరు చేశారు? చేయకపోతే ఎందుకు చేయలేదు? రెండో ప్రశ్నకి జవాబు దొరకలేదంటే అక్కడ ఏదో ఉందని అర్థం.

మీ దగ్గర ఇలాంటి పాత కేసు గానీ, నోటీసు అనుభవం గానీ ఉంటే రాయండి. కొత్త ఐడియా అయితే మాత్రం నాకు రాయకండి, ముందు చెన్నైకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.